ఒకే ఒరలో రెండు కత్తులా? ఓపెత్ ‘బ్లాక్‌వాటర్ పార్క్’లో బరువు, మాధుర్యం

అలిపిరి శ్రోత:

అందరికీ నమస్కారం. ఉద్యోగం పని మీద నేను వారానికి రెండు మూడు సార్లు తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లి వస్తుంటాను. చంద్రగిరి, పూతలపట్టు మీదుగా సాగే ఆ బస్సు ప్రయాణంలో ఒక ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా మధ్యలో ఆపకుండా వినడం చాలా కాలంగా నాకున్న అలవాటు. ఈ రెండు నెలలుగా మాత్రం మరో ఆల్బమ్ జోలికి పోలేదు. స్వీడన్‌కు చెందిన ఓపెత్ అనే మెటల్ (గిటార్లు బరువుగా మోగే రాక్ సంగీతం) బృందం 2001 మార్చిలో విడుదల చేసిన ‘బ్లాక్‌వాటర్ పార్క్’నే మళ్లీ మళ్లీ వింటున్నాను. మొత్తం ఎనిమిది పాటలు, సుమారు 67 నిమిషాలు. చివరి పాట ఒక్కటే 12 నిమిషాలు దాటుతుంది. తిరుపతి బస్టాండులో మొదలుపెడితే చిత్తూరు పొలిమేరలు కనిపించే వేళకు ముగుస్తుంది.

ఈ ఆల్బమ్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మెటల్ వినే మిత్రులు ఒకే మాట అంటారు. ఇందులో కాసేపు బరువైన భాగం, కాసేపు మృదువైన భాగం, పగలూ రాత్రీ లాగా ఒకదాని వెనుక ఒకటి వస్తాయని, అదే దీని గొప్పతనమని చెబుతారు. వినగా వినగా నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది. వంతులవారీగా రావడమే గొప్పతనమైతే గర్జించే గొంతుతో సాగే ఒక డెత్ మెటల్ పాటనూ ఒక జానపద గిటార్ పాటనూ పక్కపక్కన పెట్టుకుని వింటే సరిపోతుంది కదా. ఈ ఆల్బమ్‌లో బరువు లోపలే మాధుర్యం ఉందని, రెండూ ఒకే స్వరరచన నుంచి పుట్టాయని నా అభిప్రాయం.

ఉదాహరణకు ‘ది ఫ్యునెరల్ పోర్ట్రెయిట్’ ఆరంభం వినండి. మొదట అకూస్టిక్ గిటార్ (కరెంటు అవసరం లేనిది) మీద ఒక స్వరగుచ్ఛం వస్తుంది. కాసేపటికి అదే స్వరగుచ్ఛాన్ని డిస్టార్షన్ (శబ్దాన్ని కావాలని గరుకుగా, నిండుగా మార్చడం) నిండిన ఎలక్ట్రిక్ గిటార్లు అందుకుంటాయి. స్వరాలు మారలేదు, వాటి ఒంటి మీద బట్ట మారింది. అలాగే ‘ది డ్రేపరీ ఫాల్స్’ మొదట్లో కింద డ్రమ్ములూ గిటార్లూ ఎంత బరువుగా మోగుతున్నా, వాటి మీదుగా ఒక గిటార్ పొడవైన స్వరాలను లాగుతూ పాడినట్టే పాడుతుంది. అక్కడ రెండూ వంతులు వేసుకోలేదు, ఒకే క్షణంలో మోగుతున్నాయి.

ఈ విషయంలో మీ అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది. ఒప్పుకోకపోతే ఏ పాటలో ఏ చోట ఒప్పుకోవడం లేదో కూడా రాస్తే మళ్లీ వింటాను.

పూతలపట్టు:

శ్రోత గారూ, మీరు పేర్కొన్న రెండు చోట్లనూ నేను ఒప్పుకుంటాను, కానీ వాటి ఆధారంతో ఆల్బమ్ మొత్తానికి మీరిచ్చిన తీర్పును ఒప్పుకోలేను. బరువు లోపలే మాధుర్యం ఉండటం అంటే ఏమిటో తెలియాలంటే 1993లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌కు చెందిన కార్కస్ బృందం చేసిన ‘హార్ట్‌వర్క్’ వినాలి. అందులో శ్రావ్యమైన గాత్రం ఎక్కడా ఉండదు. పాట మధ్యలో విరామం ఇచ్చి అకూస్టిక్ గిటార్‌తో సేద తీర్చడమూ ఉండదు. గొంతు మొదటి నుంచి చివరి దాకా కరకుగానే ఉంటుంది, గిటార్ల శ్రుతిని బాగా కిందికి దించారు. అయినా బిల్ స్టీర్, మైకేల్ అమాట్ కలిసి వాయించిన జంట గిటార్ల వరసలు ఒకసారి వింటే రోజంతా నోట్లో ఆడుతూనే ఉంటాయి. పది పాటలు ముగియడానికి ముప్పావు గంట కూడా పట్టదు, ఒక్క నిమిషం వృథాగా పోదు.

ఓపెత్ దగ్గరకు వస్తే నాకు తలుపు తెరిచి మూసిన చప్పుడు వినిపిస్తుంది. ‘డర్జ్ ఫర్ నవంబర్’ను తీసుకోండి. మొదట మంద్రమైన గాత్రం, అకూస్టిక్ గిటార్, తర్వాత ఒక్కసారిగా గోడ కూలినట్టు డిస్టార్షన్, చివర మళ్లీ నెమ్మదైన గిటార్. ఈ మూడు భాగాలను విడివిడిగా వినిపిస్తే ఇవి ఒకే పాటలోవని కొత్తవారు కనిపెట్టగలరా? కుట్టు బాగానే ఉంది, అయితే కుట్టు వేసిన చోటు కంటికి కనిపిస్తూనే ఉంది. నేను ఈ బృందాన్ని తక్కువ చేయడం లేదు. ఈ ఆల్బమ్‌ను పదిహేనేళ్లుగా వింటున్నాను కాబట్టే ఈ మాట అంటున్నాను.

కపిలతీర్థం గిటార్:

మీ ఇద్దరి మాటల్లోనూ గిటార్ వాయించేవారికి పనికొచ్చే విషయం ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మెటల్‌లో బరువు అనేది ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూద్దాం. మామూలు శ్రుతిలో గిటార్ మీద లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. దాన్ని షడ్జం అనుకుంటే దాని పంచమం సుమారు 123. ఈ రెంటినీ కలిపి డిస్టార్షన్ ఉన్న యాంప్‌లోకి (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెలోకి) పంపినప్పుడు ఆ రెంటి భేదానికి సమానమైన 41 కంపనాల స్వరం కూడా కొత్తగా పుడుతుంది. లెక్క చూడండి, అది మనం వాయించిన షడ్జానికి సరిగ్గా ఒక స్థాయి కింద ఉన్న షడ్జం. వేలు పెట్టని స్వరం కింద నుంచి వచ్చి మనం వాయించిన స్వరాన్ని మోస్తుంది. షడ్జ పంచమాలను ఇలా కలిపి వాయించే పవర్ కార్డ్ అంత బలంగా వినిపించడానికి ఇదొక ముఖ్యమైన కారణం. పంచమం స్థానంలో గాంధారాన్ని కలిపితే ఆ సుఖం ఉండదు. అప్పుడు పుట్టే అదనపు స్వరాలు అసలు స్వరాలతో పొసగక గరగరమంటాయి. అందుకే ఒకే యాంప్‌లో బరువునూ గాంధారం తెచ్చే భావాన్నీ ఒకేసారి మోగించడం కష్టం.

దీనికి మెటల్ బృందాలు కనుక్కున్న మార్గం జంట గిటార్లు. ఒకరు ఒక వరసను, మరొకరు దానికి మూడో స్వరంలో సాగే ఇంకో వరసను, ఎవరి యాంప్‌లో వారు వాయిస్తారు. రెండు శబ్దాలూ యాంప్ లోపల కలవవు, గాలిలో కలుస్తాయి. అందువల్ల గరగర పుట్టదు, మాధుర్యం చెడదు, డిస్టార్షన్ బలమూ తగ్గదు. పూతలపట్టు గారు చెప్పిన ‘హార్ట్‌వర్క్’ బలం ప్రధానంగా ఇక్కడ ఉంది. ఆ ఆల్బమ్ వచ్చిన రెండు మూడేళ్లకు గోథెన్‌బర్గ్ నగరంలో ఎట్ ది గేట్స్, ఇన్ ఫ్లేమ్స్, డార్క్ ట్రాంక్విలిటీ అనే మూడు బృందాలు ఈ పద్ధతినే ఒక బాణీగా స్థిరపరిచాయి.

ఓపెత్ స్టాక్‌హోమ్ బృందం. ‘బ్లాక్‌వాటర్ పార్క్’ను మాత్రం 2000లో గోథెన్‌బర్గ్‌లోని ఫ్రెడ్‌మన్ స్టూడియోలో, ఆ మూడు బృందాలు పనిచేసిన చోటే రికార్డు చేసింది. అయినా ఆ బాణీని అనుసరించలేదు. ముఖ్యంగా గమనించవలసినది ఏమిటంటే, ఓపెత్ గిటార్ వాద్యకారులు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్, పీటర్ లిండ్‌గ్రెన్ ఇక్కడ గిటార్ల శ్రుతిని కిందికి దించకుండా మామూలు శ్రుతిలోనే వాయించారు. కార్కస్ లావు తీగను సుమారు 62 కంపనాల దాకా దించి బరువు తెచ్చుకుంటే, వీళ్లు అదే బరువును స్వరాల ఎంపికతోనూ లయతోనూ తెచ్చారు. పొసగని స్వరాల వల్ల పుట్టే గరగరను తప్పించుకోకుండా, కావాలనే కొన్ని చోట్ల వాడుకున్నారు. ‘బ్లీక్’ చివర్లో శబ్దం చెదిరిపోతూ ముగిసే చోటు వినండి, నా మాట అర్థమవుతుంది.

గాంధీరోడ్డు:

నేను మీ అందరికన్నా వయసులో పెద్దవాణ్ని. పాత రాక్ సంగీతాన్ని క్యాసెట్ల కాలం నుంచి వింటున్నాను, గిటార్ శబ్దం ఎంత బరువుగా ఉన్నా నాకు ఇబ్బంది లేదు. మా అబ్బాయి ఈ ఆల్బమ్ ఇచ్చి వినమన్నాడు. మొదటి పాటలో ఆ గర్జించే గొంతు రాగానే ఆపేశాను. గిటార్ల మాధుర్యం గురించి ఇంతమంది ఇంత శ్రద్ధగా రాశారు, కానీ పాటకు ప్రాణమైన గొంతు గురించి ఎవరూ ఎత్తుకోలేదు. స్వరం పట్టని గొంతులో మాధుర్యం ఎలా ఉంటుందో నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. వాదించడానికి అడగడం లేదు.

చిత్తూరు సౌండ్:

గాంధీరోడ్డు గారూ, మంచి ప్రశ్న వేశారు. నేను సభలకూ జాతరలకూ సౌండ్ పెట్టే పనిలో ఉన్నాను కాబట్టి మిక్సర్ ముందు కూర్చున్నవాడిగా సమాధానం చెబుతాను.

మనం పాడేటప్పుడు స్వరతంత్రులు ఒక క్రమంలో కంపిస్తాయి, అందువల్ల స్వరం స్పష్టంగా నిలుస్తుంది. గర్జించేటప్పుడు ఆ తంత్రులకు కాస్త పైన ఉండే మడతలు కూడా కంపిస్తాయి. ఆ రెండో కంపనం వల్ల శబ్దం గరుకుగా, స్వరస్థానం తెలియనట్టుగా మారుతుంది. అలవాటైన గాయకుడు గొంతును గట్టిగా బిగించి అరవడు, ఊపిరిని అదుపులో పెట్టుకుని చేస్తాడు. కాబట్టి ఆ గొంతు మిక్సింగ్‌లో పాటగాడి పని చేయదు, లయవాద్యం పని చేస్తుంది. అక్షరాలు దెబ్బల్లా పడతాయి, పాడే బాధ్యత గిటార్‌కు వెళుతుంది. మీరు ఆ గొంతులో స్వరాన్ని వెతికారు కాబట్టి దొరకలేదు. ఆ సమయంలో గిటార్ ఏం చేస్తోందో వింటే పాట అక్కడ దొరుకుతుంది.

ఇదే గాయకుడు, అంటే ఓకర్‌ఫెల్ట్, శుద్ధమైన గాత్రంతో కూడా పాడతారు. ఈ ఆల్బమ్‌కు సహనిర్మాతగా పోర్క్యుపైన్ ట్రీ బృందానికి చెందిన స్టీవెన్ విల్సన్ వచ్చారు. ఓపెత్‌తో ఆయనకు ఇదే తొలి పని. శుద్ధ గాత్రాన్ని పొరలు పొరలుగా పేర్చడంలోనూ గిటార్ శబ్దాలకు రంగులు అద్దడంలోనూ ఆయన చేయి స్పష్టంగా తెలుస్తుంది. ‘బ్లీక్’ పల్లవిలో గర్జన తర్వాత వచ్చే ఆ రెండో గొంతు ఆయనదే. మీరు మొదటి పాటతో మొదలుపెట్టకండి. మూడో పాట ‘హార్వెస్ట్’ నుంచి మొదలుపెట్టండి, అందులో గర్జన ఒక్క చోట కూడా లేదు. దాని తర్వాత ‘ది డ్రేపరీ ఫాల్స్’ వినండి. అది 11 నిమిషాలకు దగ్గరగా ఉండే పాట, దాదాపు మొదటి సగమంతా శుద్ధ గాత్రమే ఉంటుంది.

శ్రోత గారికి కూడా ఒక మాట. మీరు బస్సులో వింటున్నానన్నారు. డిస్టార్షన్ శబ్దం ఎప్పుడూ ఒకే ఎత్తులో నిండుగా ఉంటుంది కాబట్టి ఇంజను మోతలో కూడా వినిపిస్తుంది. అకూస్టిక్ గిటార్ శబ్దం అలా ఉండదు, మీటిన క్షణంలో లేచి వెంటనే పడిపోతుంది, ఆ పడిపోయే భాగాన్ని ఇంజను మింగేస్తుంది. బస్సులో విన్నప్పుడు ఈ ఆల్బమ్‌లో సగం మీకు అందడం లేదు. రాత్రి పూట ఇంట్లో, మంచి హెడ్‌ఫోన్‌లతో, ఫ్యాను కూడా ఆపి ఒకసారి వినండి. ఎండాకాలంలో మన చిత్తూరులో ఫ్యాను ఆపడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా ఈ ఆల్బమ్ కోసం గంట సేపు ఓర్చుకోవచ్చు.

సంగీత కళాశాల విద్యార్థిని:

నేను తిరుపతిలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. మా అన్నయ్య వల్ల మెటల్ వినడం అలవాటైంది. ఇక్కడ చర్చ చదువుతుంటే నాకు రెండు విషయాలు రాయాలనిపించింది.

మొదటిది చిత్తూరు సౌండ్ గారు చెప్పిన దానికి కొనసాగింపు. మీటిన స్వరం వెంటనే పడిపోవడం వీణ స్వభావం. ఊది నిలబెట్టిన స్వరం ఊపిరి ఉన్నంతసేపూ అదే బలంతో సాగడం నాదస్వరం స్వభావం. గిటార్ పుట్టుకతో వీణ జాతికి చెందినది. డిస్టార్షన్ కలపగానే అది నాదస్వరం జాతిలోకి వెళుతుంది, స్వరం నిలుస్తుంది. నిలిచే స్వరం మీదనే జారులూ ఊపులూ సాధ్యం. ‘ది డ్రేపరీ ఫాల్స్’లో ఆ పొడవైన వరస అకూస్టిక్ గిటార్ మీద రావడం అసాధ్యం, ఎందుకంటే స్వరం అంతసేపు బతకదు. అంటే ఆ మాధుర్యానికి ఊపిరి పోసింది ఆ డిస్టార్షనే. శ్రోత గారు మొదట చెప్పిన మాటకు నాకు దొరికిన బలమైన ఆధారం ఇది.

రెండోది గట్టిమేళం సంగతి. మన పెళ్లిళ్లలో మాంగల్యధారణ క్షణంలో నాదస్వరమూ డోలూ ఒక్కసారిగా ఎంత ఉధృతిగా మోగుతాయో అందరికీ తెలుసు. ఆ క్షణంలో దాన్ని ఎవరూ మోత అనరు, మంగళవాద్యం అంటారు. డోలు ఎంత బరువుగా మోగినా నాదస్వరం శ్రుతి తప్పదు. బరువునూ మాధుర్యాన్నీ ఒకేసారి వినే చెవి మనకు కొత్త కాదు. తిరుమల మాడవీధుల్లో వాహనసేవ ముందు నడిచే మేళాన్ని దగ్గర నుంచి విన్న మనిషికి డోలు దెబ్బ ఛాతీలో తగులుతుంది, రాగం చెవిలో నిలుస్తుంది.

అయితే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ ఆల్బమ్‌లో నఠభైరవి ఉంది, కీరవాణి ఉంది అని కొందరు మిత్రులు అంటుంటారు. స్వరస్థానాల వరకు చూస్తే పాశ్చాత్యుల మైనర్ స్కేలు 20వ మేళకర్త నఠభైరవితోనూ, హార్మోనిక్ మైనర్ 21వ మేళకర్త కీరవాణితోనూ సరిపోతాయి. అంతమాత్రాన అవి రాగాలు కావు. రాగానికి ప్రాణం గమకంలోనూ సంచారంలోనూ ఉంటుంది. వీళ్ల సంగీతానికి ప్రాణం ఒక స్వరం మీద ఇంకో స్వరాన్ని నిలబెట్టి కొత్త భావం పుట్టించడంలో ఉంది. మన పద్ధతిలో ఆ పని లేదు. పోలిక వినడానికి దారి చూపిస్తే చాలు, అంతకు మించి లాగితే రెండు సంగీతాలకూ అన్యాయం జరుగుతుంది.

అలిపిరి శ్రోత:

వీణ, నాదస్వరం పోలిక చదివాక నా సొంత మాట నాకే ఇంకా బాగా అర్థమైంది. చిత్తూరు సౌండ్ గారి సలహా ప్రకారం నిన్న రాత్రి ఇంట్లో, ఫ్యాను ఆపి, మొత్తం విన్నాను. ‘ది లెపర్ అఫినిటీ’ చివర పియానో వస్తుందని నాకు తెలుసు. కానీ చివరి స్వరాలు చీకట్లో కరిగిపోయే తీరు ఇన్నాళ్లూ బస్సులో నా చెవికి చేరనే లేదు. ‘ప్యాటర్న్స్ ఇన్ ది ఐవీ’ రెండు నిమిషాలు కూడా లేని గిటార్, పియానోల రచన. ఇంతకాలం దాన్ని చివరి పాటకు ముందు వచ్చే చిన్న విరామం అనుకున్నాను. నిశ్శబ్దంలో వింటే అది చివరి పాట మోపబోయే బరువుకు చెవిని సిద్ధం చేస్తోందని తెలిసింది.

పూతలపట్టు గారు లేవనెత్తిన ‘డర్జ్ ఫర్ నవంబర్’ను మాత్రం మూడుసార్లు విన్నాను. మీ మాటే సరైనది. మొదటి భాగం నుంచి బరువైన భాగానికి దారి తీసే స్వరం ఒక్కటి కూడా నాకు దొరకలేదు. ఆ పాటలో రెండూ పక్కపక్కన ఉన్నాయి, కలవలేదు. నేను ఆల్బమ్ మొత్తానికి ఒకే తీర్పు ఇవ్వడం తొందరపాటు.

అయితే ఒక చారిత్రక ఆధారాన్ని మీ ముందు పెడతాను. ఈ ఆల్బమ్ తర్వాత ఇదే బృందం బరువునూ మృదుత్వాన్నీ నిజంగానే విడదీసింది. 2002లో వచ్చిన ‘డెలివరెన్స్’ దాదాపు అంతా బరువు. 2003లో వచ్చిన ‘డామ్నేషన్’లో గర్జన లేదు, డిస్టార్షన్ దాదాపు లేదు. ఆ రెండూ ఒకే కాలంలో తయారైనవి, రెంటిలోనూ స్టీవెన్ విల్సన్ చేయి ఉంది. రెండూ నాకు ఇష్టమైనవే. కానీ ‘డెలివరెన్స్’ వింటున్నప్పుడు అలసిపోతాను, ‘డామ్నేషన్’ వింటున్నప్పుడు ఏదో బాకీ మిగిలిపోయినట్టు ఉంటుంది. ‘బ్లాక్‌వాటర్ పార్క్’ వంతుల మీదనే నిలబడి ఉంటే, విడదీసినా ఏ సగానికీ ఏమీ తగ్గకూడదు కదా.

పూతలపట్టు:

శ్రోత గారు మళ్లీ విని ఒప్పుకున్నందుకు సంతోషం. ‘డెలివరెన్స్’, ‘డామ్నేషన్’ల గురించి మీరు చెప్పినది నన్ను ఆలోచనలో పడేసింది. అందులో బలం ఉంది. అయితే మీ అలసటకూ బాకీకీ ఇంకో కారణం కూడా ఉండవచ్చు. నిడివి ఎక్కువైన పాటకు మలుపులు కావాలి. పది నిమిషాల పాటలో బరువైన భాగం వచ్చే చోటు తెలిసి ఉంటే, దాని కోసం ఎదురుచూడటంలోనే సగం రుచి ఉంటుంది. అది కలయిక వల్ల వచ్చే రుచి అనుకోను, కాలాన్ని పంచిన తీరు వల్ల వచ్చే రుచి అనుకుంటాను. ‘హార్ట్‌వర్క్’లో నాలుగైదు నిమిషాల పాటలకు ఆ అవసరం లేదు, అందుకే అక్కడ మాధుర్యం ప్రతి రిఫ్‌లోనూ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరసలోనూ) ఇమిడి ఉండవలసి వచ్చింది.

ఇలా చూస్తే ఈ రెండు ఆల్బమ్‌లూ ఒకే ప్రశ్నకు ఇచ్చిన రెండు జవాబులు. నా మనసు ఇప్పటికీ ‘హార్ట్‌వర్క్’ జవాబు వైపే ఉంది.

కపిలతీర్థం గిటార్:

పూతలపట్టు గారి కాలం పంపకం మాట బాగుంది. దాని మీద నా అనుభవం ఒకటి రాస్తాను.

2009లో ఓపెత్ బృందం చెన్నై ఐఐటీ సారంగ్ ఉత్సవానికి వచ్చినప్పుడు తిరుపతి నుంచి మిత్రులం నలుగురం బస్సులో వెళ్లాం. మూడున్నర గంటల ప్రయాణం. అప్పటికి పీటర్ లిండ్‌గ్రెన్ బృందాన్ని వదిలి వెళ్లారు, ఆయన స్థానంలో ఫ్రెడ్రిక్ ఓకెసన్ వాయించారు. నేను ఆ రాత్రి గొంతునూ డ్రమ్ములనూ పక్కన పెట్టి ఓకర్‌ఫెల్ట్ కాళ్లనే ఎక్కువగా చూశాను. ఆల్బమ్‌లో అకూస్టిక్ గిటార్ మీద విన్న మృదువైన భాగాలను వేదిక మీద ఎలక్ట్రిక్ గిటార్‌తోనే, డిస్టార్షన్ తీసేసి వాయించారు. అదే గిటార్, అవే వేళ్లు, చాలా చోట్ల తీగల మీద వేళ్లు ఉంచిన ఆకారం కూడా అదే. మృదుత్వానికీ బరువుకూ మధ్య ఉన్నది కింద ఉన్న ఒక్క పెడల్ మాత్రమే. కాలు నొక్కితే గోడ లేస్తుంది, మళ్లీ నొక్కితే గోడ మాయమవుతుంది.

ఇంటికి వచ్చాక నా గిటార్ మీద అదే ప్రయత్నించాను. మామూలు రిఫ్‌ను డిస్టార్షన్ తీసేసి వాయిస్తే బోలుగా, పేలవంగా ఉంటుంది, ఎందుకంటే అందులో బలమంతా యాంప్‌దే. ఓపెత్ వాడే రిఫ్‌లలో చాలావాటిని డిస్టార్షన్ తీసేసి వాయించినా పాటలాగే నిలబడతాయి. తీగలను ఒక్కొక్కటిగా మీటి చూడండి, లోపల దాగి ఉన్న వరస బయటపడుతుంది. ‘ది ఫ్యునెరల్ పోర్ట్రెయిట్’ను అలా సాధన చేసినప్పుడే నాకు శ్రోత గారి మాట మీద నమ్మకం కుదిరింది. ‘డర్జ్ ఫర్ నవంబర్’లోని బరువైన భాగానికి కూడా ఈ పరీక్ష పెట్టాను. అది కూడా నిలిచింది. కుట్టు కనిపిస్తుందన్న పూతలపట్టు గారి మాట నిజమే, కానీ కుట్టుకు అటూ ఇటూ ఉన్నవి ఒకే మగ్గం మీద నేసిన బట్టలు.

సంగీత కళాశాల విద్యార్థిని:

కపిలతీర్థం గారి పరీక్షను నేను వయొలిన్ మీద చేసి చూశాను. ‘ది డ్రేపరీ ఫాల్స్’లోని ఆ పొడవైన వరస వయొలిన్ మీద చక్కగా పలికింది, కష్టమేమీ లేదు. ‘బ్లాక్‌వాటర్ పార్క్’ పేరుతోనే ఉన్న చివరి పాటలోని ముఖ్యమైన రిఫ్ మాత్రం ఒంటరి వయొలిన్ మీద తేలిపోయింది. స్వరాలు తప్పు పోలేదు, లయ లేక తేలిపోయింది. మా సహాధ్యాయి ఒకరు మృదంగం మీద తోడు రాగానే అది మళ్లీ నిలబడింది. కాబట్టి కొన్ని రిఫ్‌ల బలం స్వరంలోనూ కొన్నింటి బలం నడకలోనూ ఉందనుకుంటాను. మార్టిన్ లోపెజ్ డ్రమ్ములను, మార్టిన్ మెండెజ్ బాస్‌ను ఇంతవరకు ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు. బరువు అంటే గిటారే అనుకోవడం సరికాదు. చివరి పాటలో మధ్యన శబ్దం బాగా తగ్గిపోయి, మళ్లీ మెల్లగా పుంజుకుని లేచే చోట, డ్రమ్ముల మీద దెబ్బ ఎంత పొదుపుగా పడుతుందో గమనించండి. ఆ పొదుపు వల్లనే తర్వాత వచ్చే ఉధృతి అంత పెద్దదిగా వినిపిస్తుంది.

చిత్తూరు సౌండ్:

పొదుపు గురించి చెల్లెలు సరిగ్గా చెప్పింది. జాతరలో రాత్రంతా స్పీకర్లు ఒకే ఎత్తులో మోగితే అర్ధరాత్రికి ఎవరికీ ఏదీ పెద్దగా వినిపించదు. పలకలు ఒక నిమిషం ఆగి మళ్లీ మొదలైనప్పుడు జనం లేచి నిలబడతారు. స్పీకర్లను పెంచి తేలేని బలం అది.

గాంధీరోడ్డు:

మీరందరూ ఇంత ఓపికగా రాశారు కాబట్టి నేను కూడా చెప్పినట్టే చేశాను. ముందు ‘హార్వెస్ట్’ విన్నాను. ఒక్క వినికిడిలోనే నచ్చింది, మా ఇంట్లోవాళ్లకు కూడా నచ్చింది. తర్వాత ‘ది డ్రేపరీ ఫాల్స్’ పెట్టుకున్నాను. అయిదు నిమిషాల దాకా ఆ శుద్ధ గాత్రం వెంట హాయిగా వెళ్లాను. అక్కడ గర్జన వచ్చింది. ఆపుదామని చేయి వెళ్లింది గానీ, చిత్తూరు సౌండ్ గారు చెప్పినట్టు గొంతును వదిలి గిటార్‌ను పట్టుకున్నాను. మొదటిసారి పట్టు చిక్కలేదు. వెనక్కి జరిపి మళ్లీ విన్నాను, మూడోసారి చిక్కింది. ఆ గర్జన కింద గిటార్ తన పాట తాను పాడుతూనే ఉంది. చివర్లో మొదటి వరస తిరిగి వచ్చినప్పుడు, మధ్యలో అంత ఉధృతి దాటి రాకపోతే అది నన్ను అంతగా కదిలించేది కాదని అనిపించింది.

‘ది లెపర్ అఫినిటీ’ దగ్గరకు మాత్రం ఇంకా వెళ్లలేకపోతున్నాను. అందులో గొంతు మొదట్లోనే మీద పడుతుంది, పట్టుకోవడానికి గిటార్ దారం దొరికే లోపే నేను తప్పిపోతున్నాను. ఆ పాటలో ఏ నిమిషం నుంచి వినడం మొదలుపెట్టాలో మీలో ఎవరైనా చెబితే ఈ ఆదివారం ప్రయత్నిస్తాను.

అలిపిరి శ్రోత:

గాంధీరోడ్డు గారూ, దాన్ని చివర నుంచి వెనక్కి వినండి. ముందు ఆఖర్లో వచ్చే పియానో, తర్వాత దానికి ముందున్న రెండు నిమిషాలు, అలా మొదటి దాకా. నేను ఈ ఆదివారం చిత్తూరులోనే ఉంటాను. మీకు అభ్యంతరం లేకపోతే నా హెడ్‌ఫోన్‌లు తీసుకుని వస్తాను, కలిసి విందాం.